గోడ మీద విలువలు, గదిలో గోల: లోపం ఎక్కడుంది?

పిల్లలతో కలిసి తరగతి విలువలు, అంటే క్లాసులో అందరూ ఎలా మెలగాలో చెప్పే మాటలు, చార్టు మీద రాసి గోడకు అంటించినా అల్లరి తగ్గకపోతే చాలామంది తప్పు పిల్లల్లో వెతుకుతారు. ముందు ఆ చార్టు ఎలా తయారైందో చూడండి. లోపం ఎక్కువగా అక్కడే ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్లు మొదటి రెండు సమస్యలు చదివినా చాలు, తక్కినవాటిలో సగం వాటి నుంచి పుట్టినవే.

సమస్య: చార్టు ఉంది, కానీ పిల్లలకు అది పట్టదు

చార్టును వెనక్కి తిప్పి, ఏవైనా ఐదు బెంచీల నుంచి ఒక్కొక్కరిని "మనం ఏం అనుకున్నాం?" అని అడగండి. ముగ్గురైనా సొంత మాటల్లో రెండు విలువలు చెప్పలేకపోతే ఆ చార్టు పిల్లలది కాదు, మీది.

కారణం: "మంచి క్లాసు ఎలా ఉండాలి?" అని అడిగి ఉంటారు. ఆ ప్రశ్నకు టీచర్‌కి నచ్చే జవాబు ఏమిటో పిల్లలకు బాగా తెలుసు. గౌరవం, క్రమశిక్షణ, సమయపాలన అని అప్పజెప్పేస్తారు. అలా చెప్పించుకోవడం కంటే టీచరే రాసి అంటించడం నయం, కనీసం నటన ఉండదు.

పరిష్కారం: మొదటి నుంచి చేయాలి. రెండు పీరియడ్లు పడుతుంది, రెండూ ఒకే రోజు వద్దు.

మొదటి రోజు ప్రశ్న మార్చండి: "ఈ గదిలో చదువుకోవడం మీకు ఎప్పుడు హాయిగా అనిపించింది? ఎప్పుడు కష్టమైంది?" ఒక్కొక్కరికీ రెండు చీటీలు, పది నిమిషాలు, పేరు రాయనక్కర్లేదు. రాయలేని చిన్నపిల్లలు బొమ్మ గీయవచ్చు, లేదా మీ చెవిలో చెబితే మీరే రాయవచ్చు. చీటీలను వెంటనే పైకి చదవకండి. ఎవరి పేరైనా, గుర్తుపట్టే వివరమైనా ఉంటే తీసేసి తిరగరాయండి. ఈ పని ఎగ్గొడితే మొదటి చీటీకే ఎవరో ఒకరు నవ్వులపాలవుతారు, ఆ తర్వాత నిజం రాసేవాళ్లు ఉండరు.

రెండో రోజు నలుగురైదుగురి జట్లు చేసి చీటీలు పంచండి. ఒకే సంగతి చెప్పే చీటీలను ఒక కుప్పగా పెట్టి, ఆ కుప్పకు వాళ్లే పేరు పెట్టాలి. ఆ పేరే విలువ. అన్ని జట్లవీ కలిపి మూడు నుంచి ఐదుకు కుదించండి. ఐదు దాటితే ఎవరికీ గుర్తుండవు.

చివరి నిర్ణయానికి చేతులెత్తించి మెజారిటీ చూడవద్దు. నలభై మందిలో 21 మంది సరేనంటే తక్కిన 19 మందికి ఆ మాటతో సంబంధం లేనట్టే. బదులుగా కళ్లు మూసుకుని వేళ్లు చూపమనండి: ఐదు వేళ్లంటే పూర్తిగా ఇష్టం, మూడంటే ఫర్వాలేదు, రెండు లేదా అంతకన్నా తక్కువంటే అభ్యంతరం. తక్కువ వేళ్లు కనిపిస్తే అక్కడే ఎవరినీ నిలదీయకండి. "ఈ వాక్యంలో ఏం మారిస్తే బాగుంటుంది?" అని అందరినీ కలిపి అడగండి. కళ్లు మూయించకపోతే అందరూ పక్కవాడి చేతిని చూసి వేళ్లు చూపిస్తారు.

సమస్య: అందరూ ఒప్పుకున్నారు, అర్థం మాత్రం తలా ఒకటి

"గౌరవం" అంటే ఒకరికి లేచి నిలబడటం, ఇంకొకరికి తన పెన్సిలు అడిగి తీసుకోవడం. విలువ ఒక్క మాటగా మిగిలిపోతే ప్రతి గొడవలోనూ రెండు పక్షాలూ దాన్నే పట్టుకుంటాయి.

పరిష్కారం: ప్రతి విలువ కింద రెండు గడులు గీసి "ఏం కనిపిస్తుంది", "ఏం వినిపిస్తుంది" అని రాయించండి. ఉదాహరణకు: తప్పు జవాబు చెప్పినా ఎవరూ నవ్వరు. పక్కవాళ్ల వస్తువు అడిగాకే తీసుకుంటాం. జట్టు పనిలో పక్కవాళ్లకు వినిపించేంత గొంతుతోనే మాట్లాడతాం. విలువకు రెండు మూడు వాక్యాలు చాలు. గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషి ఆ పని జరుగుతోందో లేదో చూసి చెప్పగలిగితే వాక్యం సరైనట్టు. "అరవొద్దు", "పరిగెత్తొద్దు" లాంటివి ఏం మానాలో చెబుతాయి, ఏం చేయాలో చెప్పవు. వాటిని తిప్పి రాయించండి.

తర్వాత ఐదు నిమిషాలు చేసి చూపించండి. సరైన పద్ధతిని పిల్లలు నటించాలి. తప్పు పద్ధతి చూపాల్సి వస్తే మీరే నటించండి. పిల్లలకు ఇస్తే దానికే ఎక్కువ నవ్వులు వస్తాయి, సాధనా దానికే జరుగుతుంది.

సమస్య: రెండు వారాలు బాగుంది, తర్వాత మామూలే

తిరిగి చూసుకునే సమయం పెట్టుకోలేదు, అంతే. వారానికి ఒకసారి, ఒకే రోజు, పది నిమిషాలు కేటాయించండి: రెండు నిమిషాలు మెచ్చుకోలు, ఆరు నిమిషాలు ఒక్కటే సమస్య, రెండు నిమిషాల్లో వచ్చే వారం ప్రయత్నించబోయే పని. పిల్లలు సమస్యలు రాసి వేయడానికి ఒక పెట్టె పెట్టండి, చీటీలో సంగతి మాత్రమే రాయాలి, పేరు కాదు. కొత్త విద్యార్థి వస్తే పాత విద్యార్థి ఒకరు చార్టు వివరించాలి, కొత్తవాళ్లకు మార్పు సూచించే అవకాశం ఉండాలి.

సమస్య: పిల్లలు విలువలను ఒకరి మీద ఒకరు ప్రయోగిస్తున్నారు

బోర్డు మీద పేర్లు రాసే పని క్లాస్ లీడర్‌కి అప్పగించారేమో చూడండి. అయితే వెంటనే ఆపండి. అది విలువలను పోలీసు పనిగా మార్చేస్తుంది. బదులుగా ఒక వాక్యం నేర్పండి: "నువ్వు ఇలా చేస్తే నాకు ఇబ్బందిగా ఉంది, ఇలా చేస్తావా?" అయితే ఎవరినైనా కొట్టినా, బెదిరించినా, ఏడిపిస్తున్నా పెద్దవాళ్లకు చెప్పడం చాడీ కాదు. ఈ తేడా పిల్లలకు విడిగా చెప్పి తీరాలి.

సమస్య: స్టిక్కర్లు ఆపగానే మంచి ప్రవర్తనా ఆగింది

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో తక్కినవాళ్ల కంటే తక్కువ గీశారు. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. ముందే మాటిచ్చిన స్టిక్కర్లతోనూ ఇలాగే జరగవచ్చు. ఇప్పటికే స్టిక్కర్లు అలవాటు చేసి ఉంటే ఒక్కసారిగా ఆపకండి. ముందు "ఇలా చేస్తే ఇది" అనే షరతు తీసేయండి, తర్వాత సంఖ్య తగ్గించండి. ఆ ఖాళీలో "గుడ్" కాకుండా జరిగింది చెప్పండి: "నువ్వు ఆగి అతని మాట పూర్తి కానిచ్చావు, అందుకే లెక్క ఎక్కడ తప్పిందో దొరికింది."

సమస్య: అందరూ సరే, ఒక్కరు మాత్రం మళ్లీ మళ్లీ

చూపు, వినికిడి, నిద్ర, ఆకలి, ఇంట్లో ఏదైనా మార్పు: ముందు ఇవి కనుక్కోండి. బోర్డు కనిపించని పిల్లవాడికి విలువల పాఠం చెప్పి లాభం లేదు.

తర్వాత మీ మనసులో ఏం కదులుతోందో గమనించండి. మానసిక వైద్యుడు రుడాల్ఫ్ డ్రైకర్స్ పిల్లల పెడదారి ప్రవర్తన వెనక నాలుగు ఉద్దేశాలు చెప్పాడు, పెద్దవాళ్లకు కలిగే భావన వాటికి ఆనవాలు. మీకు చిరాకు వేస్తుంటే ఆ పిల్లవాడు మీ దృష్టి కోరుతున్నాడు. నిజంగా ఉపయోగపడే బాధ్యత ఇవ్వండి. సవాలు విసిరినట్టనిపిస్తే అధికారం కోసం పోరు. రెండు దారులు చూపి ఎంచుకోమనండి. మీ మనసు నొచ్చుకుంటే ఎక్కడో అతనూ గాయపడ్డాడు. ముందు అది వినండి. ఏం చేయాలో తోచకపోతే అతను చేతకాదని వదిలేసుకున్నాడు. పనిని చిన్న ముక్కలు చేయండి. ఇవి రోగ నిర్ధారణలు కావు, మొదటి ఊహలు మాత్రమే.

మాట్లాడేది విడిగా, కోపం చల్లారాక. ఏం జరిగింది, ఎవరికి ఇబ్బందైంది, ఎలా సరిదిద్దుతావు: ఈ మూడు ప్రశ్నలు చాలు. దిద్దుబాటు జరిగినదానితో ముడిపడి ఉండాలి. నీళ్లు ఒలికిస్తే తుడవడం ముడిపడింది, వందసార్లు రాయించడం కాదు. ఒక్కరి తప్పుకి క్లాసంతటినీ నిలబెట్టకండి. అలా చేశాక చార్టులో "న్యాయం" అన్న మాట ఉంటే దాన్ని కొట్టేసుకోవాల్సిందే.

సమస్య: "టీచర్ మాత్రం పాటించరు"

కారణం వెతకనక్కర్లేదు, పిల్లలు సాధారణంగా నిజమే చెబుతారు. చార్టులో మీ వాక్యాలు రెండు వాళ్ల చేత రాయించుకోండి, ఉదాహరణకు దిద్దిన నోటుపుస్తకాలు ఏ రోజుకు తిరిగిస్తారో. వారపు సమావేశంలో వాటి మీదా వేళ్లు చూపమనండి. వేరే సబ్జెక్టు టీచర్లకు చార్టు నకలుతో పాటు, ఆ పీరియడ్‌కి ముఖ్యమైన ఒక్క వాక్యాన్ని గీత గీసి ఇవ్వండి. మొత్తం అమలు చేయమంటే ఎవరూ మొదలుపెట్టరు.