తెరచాప సర్దుబాటు: పడవలో ఒకే మాట, క్లబ్బులో ఒకే కొలత

"నిన్న జిబ్ కార్ కాస్త వెనక్కి జరిపితే పడవ భలే పరిగెత్తింది." సెయిల్‌బోట్ ఓనర్ల క్లబ్బుల్లో ఇలాంటి మాట తరచూ వినబడుతుంది. విన్నవాళ్లకు మాత్రం ఇందులో పనికొచ్చేది ఏమీ లేదు. కాస్త అంటే ఎంత? ఎక్కడి నుంచి కొలిచారు? గాలి ఎంత, అలలు ఎలా ఉన్నాయి? ఇవి చెప్పనప్పుడు ఒక పడవ నేర్చుకున్నది ఆ పడవలోనే ఉండిపోతుంది. అందుకే ఇక్కడ తెరచాప సరిచేయడమూ, సరిచేసిన సంగతి తోటివాళ్లకు చెప్పడమూ కలిపి రాస్తున్నాం.

ముందు పేర్లు. పెద్ద తెరచాప మెయిన్, ముందున్నది జిబ్. షీట్ అంటే గుడ్డ కాదు, తెరచాపను లోపలికి లాగే తాడు. హాల్యార్డ్ తెరచాపను పైకెత్తే తాడు. ముందంచు లఫ్, వెనకంచు లీచ్, అడుగంచు ఫుట్. జిబ్ షీట్ ఒక కప్పీ గుండా వస్తుంది. ఆ కప్పీని రంధ్రాలున్న పట్టా మీద ముందుకూ వెనక్కీ జరిపే భాగం కార్.

పోగులు చెప్పేది

జిబ్ ముందంచుకు 20 నుంచి 30 సెంటీమీటర్ల వెనగ్గా, ఎత్తులో పావు, సగం, ముప్పావు దగ్గర, గుడ్డకు రెండు పక్కలా 15 సెంటీమీటర్ల పోగులు అతికించండి. వీటినే టెల్‌టేల్స్ అంటారు. ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ. ఒక పక్క పోగు రెండో పక్కదానికంటే రెండు సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే, ఎండ పడి గుడ్డలోంచి రెండూ కనిపించినప్పుడు ఏది ఏదో తేలిగ్గా తెలుస్తుంది. కుట్టుకు దగ్గరగా పెట్టకండి, పోగు దారాల్లో చిక్కుకుంటుంది. తడిసిన ఊలు గుడ్డకు అంటుకుపోతుంది. నీళ్లు బాగా చిమ్మే చోట పల్చటి నైలాన్ గుడ్డ పీలికలే మేలు.

గాలికి ఎదురెక్కేటప్పుడు రెండు పక్కల పోగులూ తిన్నగా వెనక్కి పారాలి. గాలి తగిలే పక్క పోగు ఎగిరెగిరి పడుతుంటే పడవ ముక్కు గాలిలోకి మరీ తిరిగిందన్నమాట, లేదా షీట్ వదులుగా ఉంది. అవతలి పక్క పోగు కొట్టుకుంటుంటే షీట్ మరీ బిగిసింది, లేదా ముక్కు గాలికి మరీ దూరం జరిగింది. రెండోదే ఎక్కువ నష్టం, ఎందుకంటే తెరచాప నిండుగా, అందంగా కనబడుతూనే ఉంటుంది, పడవ మాత్రం నడవదు. టిల్లర్ (చుక్కానిని తిప్పే కర్ర) పట్టుకున్నవాళ్లకు ఒక గుర్తు చాలు: ఏ పోగు ఎగురుతుంటే టిల్లర్‌ను ఆ పక్కకే జరపండి.

కార్ మొదట ఎక్కడ ఉండాలి? జిబ్ వెనక మూల నుంచి కప్పీకి వచ్చే షీట్‌ను అదే గీతలో పైకి పొడిగించినట్టు ఊహించుకోండి. ఆ గీత ముందంచుకు దాదాపు సగం ఎత్తులో తగలాలి. తర్వాత ముక్కును నెమ్మదిగా గాలిలోకి తిప్పుతూ గాలి పక్క పోగులు చూడండి. పైది ముందు ఎగిరితే తెరచాప పైభాగం మరీ విచ్చుకుంది, కార్ ఒక రంధ్రం ముందుకు. కిందిది ముందు ఎగిరితే కార్ వెనక్కి. మూడూ దాదాపు ఒకేసారి ఎగిరితే అదే చోటు. బలమైన గాలిలో పైభాగం కావాలనే కాస్త ముందు విచ్చుకునేలా ఒకటి రెండు రంధ్రాలు వెనక్కి పెడతాం. పడవ అంతగా ఒరగదు.

మెయిన్‌కు నాలుగు తాళ్లు

నీటి దగ్గరికంటే పైన గాలి వేగం ఎక్కువ. అందుకే పడవ మీదకు వచ్చే గాలి పైన కాస్త వెనకనుంచి వచ్చినట్టు ఉంటుంది. తెరచాప పైభాగం కొద్దిగా బయటికి మెలి తిరిగి ఉండాల్సింది దీనికే. ఆ మెలిని ట్విస్ట్ అంటారు. బూమ్ (మెయిన్ అడుగంచు వెంబడి ఉండే అడ్డకర్ర) కింద కూర్చుని పైకి చూడండి: అన్నిటికంటే పైనున్న బాటెన్ (వెనకంచు దగ్గర గుడ్డలో తొడిగే సన్నటి బద్ద), బూమ్‌కు సమాంతరంగా వచ్చేదాకా షీట్ లాగండి. ఇది మధ్యస్థ గాలికి మొదటి అడుగు. పై బాటెన్ దగ్గర లీచ్‌కు కట్టిన పోగు ఎప్పుడూ వెనక్కి పారుతూనే ఉంటే ఇంకాస్త లాగొచ్చు. అస్తమానం తెరచాప వెనక్కి దాక్కుంటే బిగువు ఎక్కువైంది. నీళ్లు సమంగా ఉండి, గాలి మధ్యస్థంగా ఉంటే సగంసేపు పారి, సగంసేపు దాక్కోవడం మంచి గుర్తు. పల్చని గాలిలో దాదాపు ఎప్పుడూ పారాలి.

హాల్యార్డ్ బిగువును లఫ్ చెబుతుంది. పల్చని గాలిలో లఫ్ వెంబడి సన్నటి అడ్డ ముడతలు ఉండనివ్వండి. గాలి పెరిగితే అవి పోయేంత వరకే, హాల్యార్డ్‌తో కానీ కనింగ్‌హామ్‌తో (లఫ్‌ను కిందికి లాగే తాడు) కానీ బిగించండి. మాస్ట్ (తెరచాప స్తంభం) పక్కనే నిలువు మడత తేలితే ఎక్కువ లాగారు. ఈ బిగువు వల్ల తెరచాపలో లోతైన చోటు ముందుకు వస్తుంది. మెయిన్‌లో అది ముందంచు నుంచి 40 నుంచి 50 శాతం దగ్గర, జిబ్‌లో 30 నుంచి 40 శాతం దగ్గర ఉండాలి.

అవుట్‌హాల్, అంటే మెయిన్ వెనక మూలను బూమ్ కొసవైపు లాగే తాడు, కింది భాగం లోతును మారుస్తుంది. మధ్యస్థ గాలిలో బూమ్ మధ్య దగ్గర గుడ్డకూ బూమ్‌కూ మధ్య చేతి వెడల్పు ఖాళీ చాలు. గాలి బలపడితే ఖాళీ లేకుండా లాగండి. నాలుగు నాట్ల లోపు గాలిలో మాత్రం చాలామంది తప్పు చేస్తారు. గాలి తక్కువ కదా అని తెరచాపను సంచిలా లోతు చేస్తారు. అంత బలహీనమైన గాలి లోతైన వంపును పట్టుకుని పోలేదు, గుడ్డను వదిలేస్తుంది. అప్పుడు లోతు కొంచెం తగ్గించాలి. (ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు.)

నాలుగోది వాంగ్, బూమ్‌ను కిందికి పట్టి ఉంచేది. గాలి వెనకనుంచి వచ్చేటప్పుడు దీని అవసరం ఎక్కువ. బూమ్ బయటికి వెళ్లాక షీట్ దాన్ని కిందికి లాగలేదు.

పడవ ఒరిగిపోతుంటే

గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలు. 10 నాట్లలో హాయిగా ఉన్న పడవ 14కే మొండికేయడం ఇందుకే. చుక్కాని 3 నుంచి 5 డిగ్రీలు తిరిగి ఉండటం ఆరోగ్యం, అంతకు మించితే అది బ్రేక్. కొలవడం తేలిక: టిల్లర్ ఇరుసు నుంచి మీటరు దూరంలో 5 డిగ్రీలంటే పక్కకు 9 సెంటీమీటర్లు. డెక్ మీద ఆ చోట టేప్ ముక్క అంటించండి. టిల్లర్ దాన్ని దాటి నిలిచిపోతుంటే ముందు మనుషులు గాలి పక్కకు వాలాలి. తర్వాత కనింగ్‌హామ్, అవుట్‌హాల్ బిగించి తెరచాపను పల్చన చేయాలి, ఆపైన ట్రావెలర్‌ను (మెయిన్ షీట్ కప్పీని పడవకు అడ్డంగా జరిపే భాగం) గాలి లేని పక్కకు దించాలి. అప్పటికీ ఒరుగుతుంటే తెరచాప తగ్గించి కట్టడమే, అంటే రీఫ్. "ఇప్పుడు రీఫ్ చేయాలా" అన్న అనుమానం వచ్చినప్పుడే చేయండి, పది నిమిషాల తర్వాత అది రెండింతలు కష్టం.

పడవలో మాటలు

తెలుగులో ఒక చిక్కుంది. "వదులు" అంటే కొత్తవాళ్లు చేతిలో తాడు మొత్తం వదిలేస్తారు. చెప్పినవాళ్ల ఉద్దేశం కొంచెం వదులు చేయమని. కాబట్టి ఒడ్డునే ఒప్పందం చేసుకోండి. "సడలించు" అంటే అంగుళాల్లో, "వదిలెయ్" అంటే పూర్తిగా. "పైకి" అన్నా అంతే: ముక్కు గాలిలోకి తిప్పమనా, మనిషి పైకి ఎక్కమనా? "గాలిలోకి", "గాలికి దూరం" అనండి. కుడి, ఎడమ అని కూడా వద్దు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికి అవి తారుమారవుతాయి. "గాలి పక్క", "అవతలి పక్క" అంటే ఎవరికైనా ఒకటే.

ప్రతి మాటలో మూడు ఉండాలి: ఏ తాడు, ఏం చేయాలి, ఎంత. "జిబ్ షీట్, లాగు, రెండు అంగుళాలు." చేసినవాళ్లు "రెండు లాగాను" అని తిరిగి చెప్పాలి. మలుపుకు ముందు "తిరగడానికి సిద్ధమా?" అన్న ప్రశ్నకు "సిద్ధం" అనే జవాబు వినబడేదాకా టిల్లర్ కదపకూడదు. గాలి వెనకనుంచి ఉండగా తిరిగేటప్పుడు ఈ నియమం తప్పితే బూమ్ తలకు తగులుతుంది. బయట చూసేవాళ్లు నీటి మీద నల్లగా కదిలే ముడతలు చూసి "గాలి వస్తోంది, మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెడితే షీట్ పట్టుకున్నవాళ్లు గాలి తగిలే క్షణానికే సడలించగలరు.

గుర్తులు అన్ని పడవల్లో ఒకేలా

క్లబ్బులో ఒకే రకం పడవలున్నవాళ్లు ఒకరోజు కూర్చుని సున్నా ఎక్కడో తేల్చుకోవాలి. కార్ పట్టాలో అన్నిటికంటే ముందున్న రంధ్రం 1. ఒకరు ముందునుంచి, ఒకరు వెనకనుంచి లెక్కపెడితే "అయిదో రంధ్రం" రెండు పడవల్లో రెండు చోట్లు. హాల్యార్డ్ ఆగే చోట మాస్ట్ మీద సెంటీమీటర్ల టేప్ అంటించి, తాడు మీద మైనం పట్టించిన రంగు దారంతో గట్టిగా చుట్టి కుట్టండి. మార్కర్ గీత నెల తిరక్కుండా చెరిగిపోతుంది. కొత్త పాలిస్టర్ తాడు మొదట్లో సాగుతుంది కాబట్టి కొన్నిసార్లు వాడాకే కుట్టాలి.

రెండు పడవల పరీక్ష

సర్దుబాటులో ఏది నిజంగా పని చేస్తోందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి మాకు తెలియదు. ఒకే రకం పడవలు, దగ్గర దగ్గర బరువున్న మనుషులు. గాలికి ఎదురెక్కుతూ పక్కపక్కన, మధ్యలో మూడు నాలుగు పడవల పొడవు ఖాళీ, ముక్కులు సమంగా. ఒక పడవ ఏమీ మార్చకూడదు. రెండోది ఒక్కటే మార్చాలి. మూడు నుంచి అయిదు నిమిషాలు నడిపి రెండు సంగతులు విడివిడిగా చూడండి: ఎవరు ముందున్నారు, ఎవరు గాలికి ఎక్కువ దగ్గరగా ఎక్కారు. తర్వాత పక్కలు మార్చుకుని మళ్లీ చేయండి. ఎందుకంటే గాలి దిశ ముక్కువైపు జరిగితే అవతలి పక్క పడవ, వెనకవైపు జరిగితే గాలి పక్క పడవ లాభపడినట్టు కనిపిస్తుంది. అది సర్దుబాటు గొప్ప కాదు. ఒకరి తెరచాప చెదరగొట్టిన గాలి రెండోవాళ్లకు తగిలితే ఆ పరుగు లెక్కలోకి రాదు, ఆపి మళ్లీ వరుస కట్టండి.

ఆ మధ్యలో మాట్లాడుకోవడానికి వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే చానల్ 16 మీద వద్దు. 156.8 మెగాహెర్ట్జ్ అపాయానికీ పిలుపుకూ ఉంచినది. మీ దేశ నియమాలు పడవల మధ్య మాటలకు ఇచ్చిన చానల్‌లో, ఒక వాట్ శక్తితో మాట్లాడితే చాలు. బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి మాట్లాడండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది.

ఒడ్డుకు వచ్చాక

అరగంటలోపు ఒక్క వరుస రాసి సభ్యుల గ్రూపులో పెట్టండి: "గాలి 9 నుంచి 11 నాట్లు, చిన్న అలలు, ఇద్దరం 145 కిలోలు, కార్ 6, హాల్యార్డ్ 3, అవుట్‌హాల్ 10 సెం.మీ. కార్ 5 నుంచి 6కి మారిస్తే వేగం పెరిగింది, ఎక్కడం తగ్గింది. రెండు పక్కలా ఒకే ఫలితం. జిబ్ వయసు మూడేళ్లు." పని చేయనిది కూడా ఇంతే వివరంగా రాయాలి. దాన్ని ఇంకొకరు మళ్లీ ప్రయత్నించి రోజు పాడుచేసుకోరు.

ఫొటో పెడితే ఇంకా మంచిది. ఫుట్ మధ్యలో బూమ్ కింద ఫోన్ ఉంచి పైకి తీయండి, ప్రతిసారీ అదే చోటు నుంచి. తెరచాపకు అడ్డంగా అతికించిన నల్ల పట్టీకి లఫ్ దగ్గరి కొస నుంచి లీచ్ దగ్గరి కొసకు ఫొటో మీదే తిన్నగా గీత గీయండి. ఫొటోలో ఆ గీత 100 మిల్లీమీటర్లు వచ్చి, పట్టీ దాని నుంచి అత్యధికంగా 12 దూరం జరిగితే లోతు 12 శాతం. ఆ లోతైన చోటు లఫ్ నుంచి 45 దగ్గర ఉంటే స్థానం 45 శాతం. టిల్లర్ పట్టుకున్నవాళ్లు ఫొటో తీయకూడదు.

తెరచాప వయసు రాయమన్నది ఊరికే కాదు. గుడ్డ పాతబడే కొద్దీ సాగి, లోతు పెరిగి, లోతైన చోటు వెనక్కి జారుతుంది. కొత్త జిబ్‌కు కుదిరిన హాల్యార్డ్ 3, నాలుగేళ్ల జిబ్‌కు 4 లేదా 5 కావచ్చు. కొత్త తెరచాప కట్టిన రోజున ఆ పడవ పాత అంకెల పక్కన "పాత జిబ్" అని రాసి, మొదటి పరుగు నుంచి కొత్త వరుస మొదలుపెట్టండి.