ఇన్సులిన్ సూది ఇంట్లో సరిగ్గా ఎలా వేసుకోవాలి?

డాక్టరు రాసిన డోసే వేసుకుంటున్నారు, ఒక్క పూటా మానలేదు. అయినా షుగర్ ఒకరోజు 90, మర్నాడు 320. డోసు మార్చమని అడిగే ముందు సిరంజినీ, సీసానూ, సూది పొడిచే చోటునూ ఒకసారి చూసుకోండి. చాలా ఇళ్లలో తేడా అక్కడే దొరుకుతుంది.

ముందు సిరంజి

మన దేశంలో సీసాల్లో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా 40 రకం, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నుల్లో (కలంలా ఉండే ఇన్సులిన్ పరికరాల్లో) వచ్చేది సాధారణంగా 100 రకం, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు. అయితే 100 రకం సీసాల్లో కూడా దొరుకుతుంది, చిక్కంతా దానితోనే. 40 సిరంజికి మామూలుగా ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత ఉంటాయి. రంగును నమ్ముకోకుండా సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చదివి చూడండి.

డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 100 రకం మందును 40 సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. 40 రకం మందును 100 సిరంజితో లాగితే వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ దిగదు. పెన్ను కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు లాగే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు సీసాలతో పాటు సరిపడా 40 సిరంజిలు కూడా పట్టుకెళ్లాలి. అక్కడ మనుషులకు వాడేది సాధారణంగా 100 రకం. 40 సిరంజిలు పెంపుడు జంతువుల కోసం అమ్ముతారు. మందు చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే చలికి గడ్డకట్టవచ్చు.

సీసా దాచడం

తెరవని సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లోనూ, దానికి ఆనుకునీ పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనిపించినా పనిచేస్తుందన్న నమ్మకం లేదు, పారేయాలి. తెరిచిన సీసాను ఎండ తగలని చల్లని చోట ఉంచి, నాలుగు వారాల్లో వాడేయాలి. తెరిచిన తేదీ సీసా మీద రాసుకోండి. మన ఎండాకాలంలో ఫ్రిజ్ లేకపోతే, పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచండి. ఇసుక ఆరకుండా నీళ్లు చల్లుతుండాలి.

వేసుకునే తీరు

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడవండి.
2. 30/70 (త్వరగా పనిచేసేదీ, నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన ఇన్సులిన్) లాంటి తెల్లటి మందైతే సీసాను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి. కుదిపితే నురగ వస్తుంది. కలిపాక కూడా ఉండలు కనిపిస్తే వాడొద్దు. నీళ్లలా ఉండాల్సిన మందు మసకబారినా అంతే.
3. ఎన్ని యూనిట్లు కావాలో అంత గాలి సిరంజిలోకి లాగి సీసాలోకి ఎక్కించండి. తర్వాత సీసాను తలకిందులుగా పట్టుకుని మందు లాగండి. బుడగలుంటే సిరంజిని వేలితో తట్టి పైకి పోగొట్టండి. చర్మం కింద వేసే సూదిలో బుడగ వల్ల ప్రాణభయం లేదు, డోసు మాత్రం తగ్గిపోతుంది.
4. చర్మాన్ని రెండు వేళ్లతో తేలిగ్గా ఎత్తి పట్టుకుని పొడవండి. మందంతా పోయాక పది లెక్కపెట్టి సూది తీయండి. రుద్దొద్దు.

పెన్ను అయితే ప్రతిసారీ ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి, సూది కొసన చుక్క వచ్చిందో లేదో చూడాలి. మామూలు 30/70 మందు భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. కొత్త రకాల లెక్క వేరు, డాక్టరును అడగండి.

చోటు మార్చడం

బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలి పొట్ట మీద, తొడల బయటి వైపు, పిరుదుల మీద వేసుకోవచ్చు. నొప్పి తెలియడం లేదని రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ కొవ్వు గడ్డలు కడతాయి. వాటిలోకి వెళ్లిన మందు ఒక్కో రోజు ఒక్కో వేగంతో రక్తంలోకి చేరుతుంది, మొదట చెప్పిన 90, 320 ఆట మొదలవుతుంది. ప్రతిసారీ వేలెడు దూరం జరపండి. వారానికోసారి తడిమి చూసుకోండి. గడ్డ తగిలితే అక్కడ పొడవడం మానేయాలి, కానీ చోటు మార్చే ముందు డాక్టరుకు చెప్పండి. మంచి చర్మంలో అదే డోసు ఎక్కువ పనిచేసి షుగర్ పడిపోవచ్చు.

షుగర్ పడిపోతే

చెమట, వణుకు, గుండెదడ, అర్థంలేని కోపం కనిపిస్తే వెంటనే పరీక్షించండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. షుగర్ పెరిగాక తినడానికి ఏదైనా పెట్టండి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా అందుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.