పాత్రల పేర్ల నుంచి పుట్టిన ఫ్రెంచ్ పదాలు గుర్తుండాలంటే

ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకి సోజీ, టార్ట్యూఫ్, ఆర్పగోన్ లాంటి పదాలు పెద్ద తలనొప్పి. వేరే ఏ పదంతోనూ చుట్టరికం కనిపించదు, ఎంత బట్టీ పట్టినా వారానికల్లా ఎగిరిపోతాయి. అసలు ఇవన్నీ సాహిత్యంలో పాత్రల పేర్లు, మనం ఒకణ్ణి శకుని అన్నట్టే.

వాక్యం మధ్యలో ఆర్టికల్‌తో, చిన్న అక్షరంతో అలాంటి పేరు కనిపిస్తే ముందు అర్థం రాయకండి. పాత్ర పేరు, రచన, సంవత్సరం, ఆ మనిషి చేసిన ఒక్క పని, ఇంతే ఒక లైన్లో రాయండి. రోజుకి రెండు పదాలు చాలు.

సోజీ: మోలియేర్ నాటకం 'ఆంఫిత్రియోన్' (1668)లో పనివాడు. రాత్రిపూట లాంతరు పట్టుకుని ఇంటికొస్తే, అచ్చం తన రూపంలోనే ఉన్న మెర్క్యురీ దేవుడు "సోజీని నేనే" అంటూ కొట్టి తరుముతాడు. అందుకే అచ్చుగుద్దినట్టు పోలికలున్న మనిషి సోజీ అయ్యాడు. ఈ సీన్ ఒకసారి తెలిస్తే ఆ పదం ఇక మర్చిపోవడం కష్టం. మోలియేర్ దే ఇంకో నాటకం 'టార్ట్యూఫ్' (1664)లో టార్ట్యూఫ్ భక్తి నటిస్తూ ఆశ్రయమిచ్చినవాడి ఇల్లే కాజేయబోతాడు, అంటే దొంగభక్తుడు. ఆర్పగోన్ కూడా మోలియేర్ నాటకం 'లావార్' (1668)లోవాడే, డబ్బుపెట్టెను తోటలో పాతిపెట్టిన పిసినారి. గవ్రోష్ విక్టర్ హ్యూగో నవల 'లే మిజెరాబ్ల్' (1862)లో పారిస్ వీధుల్లో తిరిగే గడుగ్గాయి.

ఒక్క జాగ్రత్త: కథ తెలుసు కదా అని అర్థం ఊహించేయకండి. సోజీ ఉన్న నాటకంలోనే ఆంఫిత్రియోన్ ఒక సేనాపతి, జూపిటర్ దేవుడు అతని రూపంలో ఇంట్లో దూరతాడు. కానీ ఇప్పటి ఫ్రెంచ్‌లో ఆ పదానికి అర్థం అతిథులకు విందు పెట్టే గృహస్థు. ఇలాంటివాటికి డిక్షనరీ అర్థం కూడా పక్కనే రాసుకోవాల్సిందే.