అరకు నుంచి ఘాట్ దిగే ముందు: క్లచ్, గేరు జాగ్రత్తలు

అనంతగిరి మీదుగా ఎస్.కోట వైపు బైక్ దించే ముందు ఐదు నిమిషాలు ఆగి ఇవి చూసుకోండి.

- క్లచ్ లివర్‌కి కొంచెం లూజు ఉండాలి. ఎంత అన్నది మీ బండి మాన్యువల్లో ఉంటుంది. చాలా బళ్ళకి 10–20 మి.మీ. అస్సలు లేకపోతే క్లచ్ జారుతుంది, ఇంజిన్ బండిని పట్టి ఆపదు.
- చైన్ వేలాడుతుంటే బిగించుకోండి. టైర్లలో గాలి సరేసరి.
- మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే బ్రేకు వేసి గేరు తగ్గించండి. క్లచ్‌ని టప్పున వదలొద్దు. ఇంజిన్ పట్టు పడేది వెనక చక్రం మీదే; తడి రోడ్డు మీద అది కిర్రుమని పక్కకి జారుతుంది. గేరు తగ్గించేటప్పుడు యాక్సిలరేటర్ చిన్నగా ఒక తిప్పు తిప్పి, క్లచ్ మీది వేళ్ళు మెల్లగా వదలండి.
- మలుపులో క్లచ్ నొక్కి పట్టుకోవద్దు. నొక్కారంటే ఇంజిన్ పట్టు పోయి, బండి వాలులో ఊపందుకుంటుంది. నేనూ మొదట్లో భయానికి అదే చేసేవాణ్ణి, అవతలి లేన్‌లోకి పోయేవాణ్ణి.
- పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం, ఇంజిన్ ఆపేయడం వద్దే వద్దు.
- ఇంజిన్‌తో నెమ్మదించినప్పుడు వెనక ఎర్ర లైటు వెలగదు. పొగమంచులో వెనక బస్సు ఉంటే బ్రేకు తేలిగ్గా తాకించండి.
- స్కూటరైతే క్లచ్ మీ చేతిలో ఉండదు. బ్రేకులు మధ్యమధ్యలో వదులుతూ వేయండి, కాలిన వాసనొస్తే ఆగండి.