ఒకే గదిలో ముభావంగా మారిన మిత్రులు మళ్లీ మాట కలుపుకోవడం ఎలా

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో గది అద్దెకు తీసుకుని కలిసి గ్రూప్స్‌కు చదివే మిత్రులు ఎడమొహం పెడమొహం కావడానికి పెద్ద గొడవేదీ జరగనక్కరలేదు. 2022లో వెలువడిన తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ కింద జరిగిన ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో 563 పోస్టులకు మళ్లీ నోటిఫికేషన్ వచ్చేవరకు ఎదురుచూసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. ఇంటినుంచి డబ్బు అడగడానికి మొహం చెల్లనివాడు, వేరే ఉద్యోగంలో చేరినవాడు, ఇంకా ఆశ వదలనివాడు ఒకే గదిలో ఉంటూ ఎవరి బాధ వారే దాచుకుంటారు.

రోజూ మెస్‌కు కలిసి వచ్చేవాడు "మీరు పోండ్రి, నేను తర్వాత తింట" అని వరుసగా నాలుగు రోజులు అన్నాడంటే, అది చదువు మీద శ్రద్ధే అనుకుని ఊరుకోకండి. నలుగురిలోనో, వాట్సాప్ గ్రూపులోనో అడగకుండా, మీరొక్కరే అతణ్ణి టీ కొట్టు దాకా నడిపించుకుని వెళ్లండి. పక్కపక్కన నడుస్తున్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కరలేదు కాబట్టి, గదిలో పెగలని మాట దారిలో పెగులుతుంది. "ఎందుకట్ల ఉంటున్నవ్?" అని నిలదీస్తే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. "మార్కులు చూసినకాడికెళ్లి నువ్వు సరిగ్గ తింటలేవు మామా, నాకు మనసున పడ్తలేదు" అని మీరు చూసింది చెప్పి, ఆ తర్వాత మౌనంగా ఉండండి. సలహా అతడు అడిగినప్పుడే ఇవ్వండి.

చాలా గదుల్లో అసలు ముడి డబ్బు దగ్గరే పడుతుందని నా నమ్మకం. ఉద్యోగం వచ్చినవాడు మంచి మనసుతోనే అందరి అద్దె తానే కడుతూ పోతే, తీసుకున్నవాడు క్రమంగా అతని ఎదుట పడటమే మానేస్తాడు. అంతకంటే, అద్దె, కరెంటు, గ్యాస్ లెక్క ప్రతి నెలా అందరూ కూర్చుని చూసుకుని, ఇబ్బందిలో ఉన్నవాడి వాటాను కొన్ని నెలలకు తగ్గించి, మిగిలినది ఎప్పుడు తీర్చవచ్చో అతణ్ణే చెప్పమనడం మేలు.

ఎంపికైనవాడు ఆ కబురును స్టేటస్‌లో పెట్టకముందే గదిలోని వారికి స్వయంగా చెప్పాలి. తన సంతోషం ఎవరిని నొప్పిస్తుందోనని బెరుకుతో అతడూ ఒంటరివాడవుతాడు. అతణ్ణి కూడా పలకరించండి.

ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే ఒంటరిగా వదలకండి. పగలైనా రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టి ఉన్నా సరే, అతని ఇంట్లో నమ్మదగిన ఒకరికి వెంటనే తెలియజేయండి.