పనికి కదిలించేది ఏది? – 4వ పాఠం: మింగినదంతా ఒంటబట్టదు

ఈసారి, మనిషి ఏ లెక్క వేసుకుని కష్టపడతాడో చెప్పే వ్రూమ్ అనే మనస్తత్వవేత్త సిద్ధాంతం చూద్దామని మూడో పాఠం చివర మాటిచ్చాను. కానీ మీరు రాసి పంపిన జవాబులు చదివాక ముందు పోయిన పాఠం చేసిన నష్టం సర్దాలని అర్థమైంది. వ్రూమ్‌కి చివర్లో ఎంత చోటు మిగిలితే అంతే.

ఏం జరిగిందంటే, "బహుమతి ఇస్తే ఇష్టం చస్తుంది" అని నేనొక వాక్యం రాశాను. చాలామందికి పాఠంలో అదొక్కటే గుర్తుండిపోయింది. ఒకావిడ, కొడుకు చదివినందుకు ఇచ్చే చిన్నచిన్న బహుమతులన్నీ ఒక్కరోజులో ఆపేశారట, వాడు ఆ సాయంత్రమే పుస్తకం మూసేశాడట. ఇంకొకాయన తన దగ్గర పనిచేసే నలుగురికి బోనస్ ఆపేస్తే వాళ్లకి పని మీద ఇష్టం పెరుగుతుందేమోనని అడిగారు. సార్, ఆపకండి, దయచేసి. తప్పు నాది కూడా, ఆ వాక్యానికి రెండు షరతులు తగిలించి ఉండాల్సింది.

మొదటి షరతు. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు 1973లో చేసిన స్కెచ్ పెన్నుల ప్రయోగం గుర్తుంది కదా, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 51 మంది. సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలు, తర్వాత స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో సుమారు 8.6 శాతం మాత్రమే ఆ పెన్నులతో గడిపారు. ఏమీ ఇవ్వని పిల్లలు 16.7 శాతం, ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చినవాళ్లు 18.1 శాతం. ఇక్కడిదాకా పోయినసారి చెప్పాను. చెప్పకుండా వదిలేసింది ఏమిటంటే, ఆ 51 మందిని ఎంచుకున్నదే అప్పటికే బొమ్మలేయడం ఇష్టపడేవాళ్లని చూసి. ఉన్న ఇష్టం తగ్గింది. అసలు ఇష్టమే లేని పనిలో తగ్గడానికి ఏముంటుంది? డెసీ, కోస్ట్‌నర్, రయాన్ అనే పరిశోధకులు 1999లో ఇలాంటి 128 ప్రయోగాల ఫలితాల్ని ఒకచోట కూర్చి చూసినప్పుడు కూడా విసుగు పుట్టించే పనుల్లో ఈ నష్టం కనిపించలేదు.

రెండో షరతు పై అంకెల్లోనే ఉంది. ముందు చెప్పకుండా ఇచ్చిన బహుమతి ఏ హానీ చేయలేదు. అంటే తేడా తెచ్చింది సర్టిఫికెట్ కాదు, "ఇది చేస్తే అది ఇస్తాం" అన్న బేరం. బహుమతి "నువ్వు బాగా చేశావు" అని కబురు చెబుతోందా, "నేను చెప్పినట్టు చెయ్" అని ముక్కుతాడు వేస్తోందా అన్నదే చూడాలి.

కాబట్టి ఆ అబ్బాయి విషయంలో, వాడికి చదువంటే ముందు నుంచీ ఇష్టం లేకపోతే మీరు తీసేసింది వాడికున్న ఒకే ఒక్క కారణాన్ని. దాని స్థానంలో ఇంకో కారణం పెట్టకుండా తీసేశారు, అంతే జరిగింది. బోనస్ సంగతి, ఉద్యోగుల్ని ఇంటర్వ్యూ చేసి పనిలో తృప్తి గురించి రాసిన హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పాడు: జీతం, పని పరిస్థితులు లాంటివి సరిగా ఉంటే జనం పొంగిపోరు, సరిగా లేకపోతే మాత్రం మండిపడతారు. ఆయన పద్ధతి మీద నాకు అనుమానాలున్నాయి (మంచి జరిగితే తమ గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అని చెప్పుకోవడం మనుషులకు మామూలే, ఆయన ఇంటర్వ్యూల్లో అదే బయటపడి ఉండొచ్చు), కానీ ఈ ఒక్క విషయానికి ఆయన చాలు.

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన విషయానికి వస్తాను. పోయినసారి అభ్యాసం ఏమిటి? ఒకరోజులో చేసిన పది పనులు రాసి, పక్కన "ఎందుకు చేశాను" అని కారణం రాయమన్నాను. దాదాపు అందరూ రెండే గళ్లు గీశారు. బయట నుంచి ఎవరో అడిగితే చేసింది బాహ్య ప్రేరణ. ఎవరూ అడక్కుండా చేసింది అంతర్గత ప్రేరణ. చూడ్డానికి చక్కగా ఉంది, పూర్తిగా తప్పు.

ఒకరు రాసింది చూడండి: "రాత్రి పదకొండుకి ఆఫీసు మెయిల్స్ అన్నీ చూసి జవాబిచ్చాను. ఎవరూ అడగలేదు. కాబట్టి అంతర్గతం." నేను తిరిగి ఒక్క ప్రశ్న అడిగాను, చూడకుండా పడుకుంటే ఎలా ఉండేది అని. "నిద్ర పట్టదండీ, ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది" అన్నారు. ఇది ఇష్టమా? ఎవరో ఎప్పుడో పెట్టిన కాపలా అది. కాపలా మనిషి వెళ్లిపోయాడు, ఆయన కుర్చీలో మనమే కూర్చున్నాం.

డెసీ, రయాన్ల స్వయంనిర్ణయ సిద్ధాంతంలో (మనం చేసే పని ఎంతవరకు మనదైందో మెట్లుగా చూసేది) దీనికి ప్రత్యేకంగా ఒక మెట్టు ఉంది. తెలుగులో దానికి నేను పెట్టుకున్న పేరు "అరగని ప్రేరణ". బయటివాళ్ల మాటని గుటుక్కున మింగేశాం, అది అరగలేదు, లోపల అలాగే ఉండి పొడుస్తూ ఉంటుంది. లోపల ఉంది కదా అని అది మనదైపోదు. సిగ్గు, తప్పు చేశానన్న భావన, నలుగురిలో తలెత్తుకోవాలన్న ఆరాటం, "నాలాంటివాడు ఈపాటి చేయలేకపోతే ఎలా" అన్న పంతం, ఇవన్నీ ఈ మెట్టు మీదివే. పొగరు కూడా. చాలామంది తప్పు చేశానన్న భావనని పట్టుకుంటారు కానీ పొగరుని వదిలేస్తారు, ఎందుకంటే అది తియ్యగా ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే రయాన్ 1982లో చేసిన ప్రయోగం చూడండి. కాలేజీ విద్యార్థులకి గజిబిజి గీతల్లో దాగిన ఆకారాల్ని వెతికే పజిల్స్ ఇచ్చాడు. కొందరికి మాత్రం, ఇది మీ తెలివితేటల్ని చూపిస్తుంది అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. డబ్బు లేదు, సర్టిఫికెట్ లేదు, శిక్ష లేదు. అయినా తర్వాత ఖాళీ సమయం ఇచ్చినప్పుడు ఆ పజిల్స్ జోలికి తక్కువగా వెళ్లింది వాళ్లే. బయట నుంచి ఏమీ ఇవ్వకుండానే ఇష్టం తగ్గింది. తమ విలువే పందెంలో పెట్టినట్టు అనిపిస్తే ఆట ఆటగా ఉండదు.

"అయితే ఏంటి, పని జరుగుతోంది కదా" అని మీలో కొందరు అనబోతున్నారు, నాకు తెలుసు, ఇద్దరు ఆల్రెడీ అన్నారు. నిజమే, పని జరుగుతుంది. రయాన్, కానెల్ 1989లో బడిపిల్లల్ని చూసినప్పుడు అరగని ప్రేరణతో చదివేవాళ్లూ కష్టపడుతున్నట్టే కనిపించింది. తేడా రెండు చోట్ల వచ్చింది: వాళ్లలో టెన్షన్ ఎక్కువ, దెబ్బ తగిలినప్పుడు తట్టుకోవడం తక్కువ. బాగా నడుస్తున్నన్నాళ్లు ఎవరికీ తేడా తెలియదు. మార్కులు తగ్గినప్పుడు, ప్రాజెక్టు పోయినప్పుడు బయటపడుతుంది.

సరే, మెట్లన్నీ ఒకసారి వరసగా చెప్పేస్తాను. కింద బయటి తోపుడు: బహుమతి, శిక్ష. దాని పైన అరగని ప్రేరణ. ఆ పైన ఒప్పుకున్న ప్రేరణ, అంటే పని నచ్చకపోయినా దాని విలువ నాకు అర్థమై, నేనే సరే అనుకుని చేయడం. ఇంకా పైన ఒంటబట్టిన ప్రేరణ, ఆ విలువ నా మిగతా జీవితంతో కలిసిపోయింది, "నేను ఇలాంటి మనిషిని" అన్నంతగా. ఈ నాలుగూ సాంకేతికంగా బాహ్యమే, గమనించండి! ఎందుకంటే పని అవతల ఉన్న ఫలితం కోసమే చేస్తున్నాం. పని చేస్తుండగా కలిగే ఆనందం కోసమే చేస్తే అది ఒక్కటే అంతర్గతం. నా లెక్కలో పెద్దవాళ్ల జీవితంలో ముఖ్యమైన పనులు చాలావరకు మూడో నాలుగో మెట్టు మీదే ఉంటాయి, ఉండాలి కూడా. ముసలి తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఎవరికీ సరదా కాదు. ప్రతి పనినీ ప్రేమించాలి అని చెప్పేవాళ్ల మాట నాకు ఎక్కదు.

మరి ఏ మెట్టో ఎలా కనిపెట్టాలి? పుస్తకాల్లో పెద్దపెద్ద ప్రశ్నావళులు ఉంటాయి. నాది అడ్డదారి, ఒకే ప్రశ్న: "ఇవాళ ఇది చేయకపోతే?" జవాబులో మొదట ఏం వస్తుందో పట్టుకోండి. ఒక మనిషి మొహమో జరిమానానో వస్తే బయటి తోపుడు. "నా మీద నాకే చిరాకు", "సిగ్గు" వస్తే అరగనిది. "ఆ పని ఆగిపోతుంది, అది ఆగడం నాకు ఇష్టం లేదు" అని వస్తే ఒప్పుకున్నది, ఇక్కడ బాధ పని గురించి, మీ గురించి కాదు. "అయ్యో, ఇవాళ ఆడలేకపోయానే" లాంటి వెలితి వస్తే అసలైన ఇష్టం.

వ్యాయామం తీసుకోండి. డాక్టరు తిట్టాడని నడిచేవాడు ఒకటో మెట్టు. నడవని రోజు అద్దంలో చూసుకోలేనివాడు రెండు. మోకాళ్లు ఇంకో ముప్పై ఏళ్లు పనిచేయాలని నడిచేవాడు మూడు. నడక కోసమే నడిచేవాడు ఈ మెట్లన్నిటికీ పైన, అసలైన ఇష్టంతో. నలుగురూ ఒకే దారిలో ఒకే వేగంతో నడుస్తుంటారు, బయట నుంచి చూసి మీరు చెప్పలేరు. ఒకే మనిషి సోమవారం మూడో మెట్టు మీద, గురువారం రెండో మెట్టు మీద ఉండొచ్చు. నా సంగతే చెప్తాను, ఈ పాఠాలు ఇష్టంతోనే మొదలుపెట్టాను, ఈ పాఠం మాత్రం సగం మీకు తప్పు చెప్పానన్న గుబులుతో రాస్తున్నాను.

రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకి వెళ్లే దారి గురించి చక్కటి ప్రయోగం 1994లో జరిగింది (డెసీ, ఇంకో ముగ్గురు). తెర మీద చుక్క కనిపించగానే మీట నొక్కాలి, అంతే పని, శుద్ధ విసుగు. మూడు విషయాలు మార్చి చూశారు: ఇది ఎందుకు చేయాలో అర్థమయ్యే కారణం చెప్పడం, "విసుగ్గానే ఉంటుంది, నిజమే" అని ఒప్పుకోవడం, "చేయాల్సిందే" అనకుండా ఎంపిక మనిషికే వదిలేలా మాట్లాడటం. వీటిలో కనీసం రెండు ఉన్నప్పుడు జనం ఆ పనిని తమదిగా తీసుకున్నారు. ఒకటో సున్నానో ఉంటే, తీసుకున్నవాళ్లలో కూడా అది అరగకుండానే ఉండిపోయింది. పుస్తకం మూసేసిన అబ్బాయి తల్లిగారూ, బహుమతుల చోట పెట్టాల్సింది ఈ మూడూ. రెండోది అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే పిల్లల ముందు "ఈ లెక్కలు విసుగే" అని ఒప్పుకోవడానికి మనకి నోరు రాదు.

మనిషి అవసరాల్ని కింద నుంచి పైకి పేర్చి చూపించే మాస్లో పిరమిడ్ ఎప్పుడు చెప్తారు అని చాలామంది అడిగారు. చెప్పను. మాస్లో 1943 వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు, అది తర్వాత మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్లు తగిలించింది. కింది అవసరం పూర్తిగా తీరాకే పైది మొదలవుతుందని కూడా ఆయన అనలేదు. మామూలు మనిషికి తిండి లాంటి అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, తనలోని శక్తిని పూర్తిగా వాడుకోవడం 10 శాతం తీరి ఉండొచ్చని, ఉదాహరణకి వేసిన అంకెలే అయినా, ఆయనే రాశాడు. ఇది తెలిస్తే చాలు.

ఇక వ్రూమ్, 1964. మూడు ప్రశ్నలు: కష్టపడితే నేను ఈ పని చేయగలనా, చేస్తే అనుకున్న ఫలితం నిజంగా వస్తుందా, ఆ ఫలితం నాకు కావాలా. ఈ మూడింటినీ కూడరు, గుణిస్తారు. అంటే ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. "మా టీమ్‌కి మోటివేషన్ లేదు" అన్నవాళ్లని ఏది సున్నా అని అడగండి, సాధారణంగా మధ్యదే. మంచి పని చేసినా ప్రమోషన్ ఇంకెవరికో వెళ్తుందని చూసి చూసి తెలుసుకున్నవాళ్లకి ఉపన్యాసం ఇస్తే ఏం లాభం? మిగతాది ఐదో పాఠంలో.

అభ్యాసం. ఈసారి బరువుగానే ఉంటుంది. రోజూ చేసే పని ఒక్కటి ఎంచుకోండి, మీకు ఇష్టమని మీరు గట్టిగా నమ్మేది. ఏడు రోజులు, పని మొదలుపెట్టిన మొదటి నిమిషంలో "ఇవాళ ఇది చేయకపోతే?" అని మిమ్మల్ని మీరే అడిగి, మొదట తట్టిన మాట ఉన్నదున్నట్టు రాయండి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే చెల్లదు, అప్పటికి మనసు దాన్ని ఇస్త్రీ చేసేసి ఉంటుంది. వారం పూర్తయ్యేదాకా పాత జవాబులు చదవొద్దు. ఎనిమిదో రోజు ఆ ఏడు జవాబులూ మెట్లుగా విడదీయండి. తొమ్మిదో రోజు ఆ పని చేయకండి. కావాలనే మానేసి, గంటకోసారి ఎలా ఉందో రాయండి. అదే ఏడు జవాబుల్ని మీకు బాగా దగ్గరి మనిషి ఒకరికిచ్చి, మీ విభజన చూపించకుండా, వాళ్లని కూడా విడదీయమనండి. ఇద్దరి లెక్కా ఎక్కడ కలవలేదో ఆ రోజులవి మాత్రమే నాకు పంపండి, కలిసినవి అక్కర్లేదు.