గొడవ ముదిరే వేళ హాస్యాన్ని వాడుకోవడం ఎలా

‘నవ్వు నాలుగు విధాల చేటు’ అని పెద్దలు ఊరికే అనలేదు. వాదన మధ్యలో వేసిన జోకు మనసును తేలికపరచనూ వచ్చు, గాయపరచనూ వచ్చు. ఏది జరుగుతుందన్నది ఆ జోకు ఎంత బాగుందన్నదాని కంటే, అది ఎవరి మీద పడిందన్నదాన్ని బట్టే తేలుతుంది. మనస్తత్వవేత్త రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో హాస్యధోరణులను నాలుగుగా విడదీశారు: నలుగురినీ దగ్గర చేసేది, కష్టంలో మనల్ని నిలబెట్టేది, ఎదుటివారిని దెబ్బతీసేది, మనల్ని మనమే కించపరచుకునేది. గొడవలో పనికివచ్చేవి మొదటి రెండే.

జోకు వేయాలనిపించినప్పుడు ముందు ఎదుటివారి ఫిర్యాదును చివరిదాకా విని, మీకు అర్థమైనదేమిటో వారికి తిరిగి చెప్పండి. ఈ మెట్టును దాటేస్తే ఎంత సున్నితమైన చలోక్తి అయినా మాట దాటవేతగానే వినిపిస్తుంది.

తరువాత, నవ్వును మనిషి మీద నుంచి సమస్య మీదకు మళ్లించండి. ఒక నివేదికలో ఎవరి మార్పులు ఉంచాలన్నదానిపై ఇద్దరు సహోద్యోగులు అరగంటగా వాదించుకుంటున్నారనుకుందాం. వారిలో ఒకరు తెర వైపు చూపించి, “‘తుది ప్రతి’, ‘అసలైన తుది ప్రతి’, ‘ఇదే ఆఖరి తుది ప్రతి’... మనిద్దరిలో ఎవరు గెలిచినా, పాపం, ఓడిపోయింది ఈ ఫైలే” అంటే ఇద్దరూ నవ్వగలరు, ఎందుకంటే ఆ మాటలో దోషి ఎవరూ లేరు. అదే వ్యక్తి “మీకు ఆఖరు అనే మాటకు అర్థం తెలియదులెండి” అని ఉంటే అది ఎత్తిపొడుపే అయ్యేది.

ఇంట్లో ఇది ఇంకా సున్నితమైన వ్యవహారం. మంచం మీద తడి తువ్వాలు పడేసే అలవాటున్న మనిషే దాన్ని తీసి ఆరేస్తూ, “దీనికి మంచం దిగడం నేనే నేర్పలేదు” అంటే అది తప్పు ఒప్పుకోవడం. ఆ మాటే అవతలివారు అంటే దెప్పిపొడుపు. కాబట్టి పొరపాటు ఎవరిదో ఆ జోకు కూడా వారిదే కావాలి. దంపతుల వాదనలను దశాబ్దాలపాటు పరిశీలించిన జాన్ గాట్మన్, ఉద్రిక్తతను తగ్గించే ఇలాంటి చిన్న ప్రయత్నాలకు ఎంతో విలువ ఇచ్చారు. తిరస్కారభావాన్ని మాత్రం విడాకులకు బలమైన సూచికగా గుర్తించారు. వెటకారం, వెక్కిరింత ఆ తిరస్కారానికి రూపాలే.

రాతలో హాస్యాన్ని వీలైనంత తగ్గించండి. వ్యంగ్యాన్ని ఈమెయిల్‌లో చదివేవారు గ్రహించగలరని పంపేవారు అతిగా నమ్ముతారని 2005లో వెలువడిన ఒక పరిశోధన చూపించింది. గొంతు, ముఖకవళికలు లేనిచోట చిన్న చమత్కారం కూడా కరకుగా తోచవచ్చు. అందుకే వాదన మొదలైన ఈమెయిల్‌కు జోకుతో జవాబివ్వకుండా ఫోన్ చేయడం మేలు.

వేధింపు, వివక్ష, నష్టం గురించి ఎవరైనా ఫిర్యాదు చేస్తున్నప్పుడు హాస్యం జోలికే వెళ్లకండి. పై అధికారి అయితే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే కింది ఉద్యోగి నవ్వు నిజంగా నవ్వు వచ్చి నవ్వినదో, భయంతో నవ్వినదో తెలుసుకోవడం కష్టం.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా మాట తగలరాని చోట తగలవచ్చు. అప్పుడు “సరదాకి అన్నాను” అనకండి, అది నొచ్చుకున్నవారిదే తప్పని చెప్పినట్టవుతుంది. “నా మాట మిమ్మల్ని నొప్పించింది, క్షమించండి” అని, అసలు విషయం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. జోకు పండినా చేయవలసింది ఇదే: నవ్వు సద్దుమణిగేలోపే “ఇప్పుడు ఈ ఫైలులో ఏ మార్పు ఉంచుదాం?” అని అడగండి.